కళ్ళారా చూసినందుకు

మా స్టూడియో బాబాయిగారు పోయారు.

ఆ కబురు వచ్చేసరికి నేను జంగారెడ్డిగూడెంలో, నాకు ఉద్యోగమిచ్చిన పాపానికి ఇప్పటికీ పశ్చాత్తాపపడుతున్న ఒక జూనియర్ కాలేజీలో, ఇంటర్ పిల్లలకి కాంతి పాఠం చెబుతున్నాను. జేబులో సెల్‌ఫోను వణికింది. క్లాసులో ఫోనెత్తకూడదని రూలు పెట్టినవాణ్ణి నేనే కాబట్టి ఎత్తలేదు. మళ్ళీ వణికింది. మూడోసారికి వరండాలోకి వచ్చి ఎత్తితే అమ్మ.

"ఒరే, పక్కింటి బాబాయిగారు లేర్రా. భోంచేసి కుర్చీలో కూర్చున్నారట. పిన్నిగారు మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చేసరికి..."

నేను ఏలూరు బస్సెక్కాను.

నిజం చెప్పాలంటే పోయినవారి గురించి రాయడానికి నేను తగినవాణ్ణి కాను. మా వీధిలో ఎవరింట ఏ గంభీరమైన సందర్భం వచ్చినా ముందు నన్ను మంచినీళ్ళు తెమ్మని పంపించేవారు. అక్కడుంటే ఎవర్నో ఒకర్ని నవ్విస్తానని భయం. బాబాయిగారొక్కరే, "ఉండనివ్వండీ వాణ్ణి. ఏడుపు ఎలాగూ ఆగేది కాదు, మధ్యలో ఒక నవ్వొస్తే తప్పేముందండీ?" అనేవారు. ఆ మాట ఇచ్చిన ధైర్యంతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఏలూరులో మా ఇంటికీ వాళ్ళింటికీ గోడ ఒకటే. వాళ్ళ ముందుగది ఫొటో స్టూడియో, వెనక సంసారం. వాళ్ళు ముసల్మానులు, మేం హిందువులం, ఎదురింటి టీచరమ్మగారు క్రైస్తవులు. పండగలు వేరు, ప్రార్థనలు వేరు, కూరల్లో మసాలా వేరు. ముగ్గురూ తభావతు లేకుండా ఏకీభవించే పవిత్ర విషయం ఒక్కటే, పిల్లలకి దిష్టి. మా ఇంట్లో ఉప్పూ మిరపకాయలూ, వాళ్ళ బంధువుల్లో తాయెత్తులూ, ఎదురింట్లో నుదుటి మీద నూనెతో సిలువ గుర్తు. బుగ్గ మీద నల్లచుక్క మాత్రం ముగ్గురికీ ఉమ్మడి ఆస్తి.

ఆ వీధిలో దిష్టిని నమ్మనివాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి నేను. నాకు బి.ఎస్సీ. ఉంది. రెండోవారు బాబాయిగారు. ఆయనకి కెమెరా ఉంది.

"కెమెరాకి తీసుకోవడమే తెలుసురా, ఇవ్వడం తెలీదు. కన్నూ అంతే. చూస్తే లోపలికొస్తుందిగానీ, లోపల్నించి బయటికేం పోతుందిరా ఎవరికైనా తగలడానికి?" అనేవారు. యూనివర్సిటీ నాకు మూడేళ్ళు పట్టి నేర్పిన దృశాశాస్త్రాన్ని ఆయన సగం గ్లాసు టీ తాగేలోపు తేల్చేశారు.

అయితే మా ఇద్దరి నాస్తికత్వానికీ చాలా తేడా ఉండేది. నాది కత్తి పట్టుకు తిరిగే రకం.

డిగ్రీ రెండో ఏట మా మామ్మ మీద నేనొక శాస్త్రీయ ప్రయోగం చేశాను. మిరపకాయలు పిల్లాడి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటు రాకపోవడం దిష్టి ఉన్నదనడానికి రుజువని మామ్మ సిద్ధాంతం. నేను అదే పొట్లంలోంచి గుప్పెడు మిరపకాయలు తీసి, ఎవరి చుట్టూ తిప్పకుండా, పెరట్లో నీళ్ళ పొయ్యిలో వేశాను. గాలి అటు వీస్తోంది. ఇటు ఎవరూ దగ్గలేదు. "చూశావా మామ్మా, ఇప్పుడు దిష్టి ఎవరికి తగిలినట్టు?" అన్నాను విజయగర్వంతో. మామ్మ కాసేపు ఆలోచించి, "పొయ్యికేరా. పొద్దున్న పక్కవీధి ఆవిడొచ్చి ఎంత చక్కగా మండుతోందో అనేసి పోయింది," అంది. అని, మరో గుప్పెడు తెచ్చి పొయ్యి చుట్టూ తిప్పింది.

ఈ పరాజయం వింటూ బాబాయిగారు నవ్వాపుకోలేక కెమెరా బల్ల మీద పెట్టేశారు. తరవాత కళ్ళు తుడుచుకుంటూ, "వాదించకురా. వాదిస్తే మనుషులు తలుపేసుకుంటారు. తలుపు తీసే ఉంచుకునేలా మాట్లాడాలి," అన్నారు.

ఆయన అలాగే మాట్లాడేవారు. సాయంత్రం నమాజు అయ్యే వేళకి మసీదు బయట తల్లులు పిల్లల్నెత్తుకుని వరసగా నిలబడేవారు. లోపల్నించి వచ్చేవాళ్ళు ఒక ప్రార్థన చదివి పిల్లల మొహాన ఊదితే దిష్టి పోతుందని నమ్మకం. ఆ వరసలో మావాళ్ళే ఎక్కువ. బాబాయిగారు ఎవరినీ కాదనేవారు కాదు. మెల్లగా ఊదేవారు. ఊది, "ఎన్నాళ్ళనుంచండీ జ్వరం?" అనేవారు.

"మూడ్రోజుల్నించండీ."

"ఊదానండీ. నా ఊపిరి విసనకర్ర గాలి లాంటిదండీ, చల్లగా మాత్రం ఉంటుంది. ఇటునించిటే డాక్టరుగారికి కూడా చూపించేయండి. ఆయన చూపు దిష్టి కాదులెండి."

ఆ తల్లి నవ్వేది. నవ్వి, వెళ్ళేది. నేను కత్తి దూసి ఒక్క మనిషినీ కదపలేకపోయాను. ఆయన ఊది పంపించేవారు.

వృత్తిలో ఆయనకో మొండితనం ఉండేది. చంటిపిల్లల ఫొటోలో బుగ్గ మీద చుక్క ఉంటే ఉంచేవారు కాదు. పాతరోజుల్లో నెగటివ్ మీద టచింగ్ పెన్సిలుతో పూడ్చేసేవారట. కంప్యూటరొచ్చాక, యాభై దాటిన వయసులో, వేరే ఏ విద్యా నేర్చుకోకుండా మౌసుతో చుక్క చెరిపే విద్య ఒక్కటే నేర్చుకున్నారు. దీంతో ఒకసారి చిక్కొచ్చింది. కలిదిండిలో ఒకరి మనవడి పుట్టినరోజు ఫొటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఇద్దరం స్కూటరు మీద తీసుకెళ్ళాం. నాయనమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఏవండీ, మావాడి చుక్కేదండీ?"

"తీసేశానండీ. మొటిమనుకున్నాను."

"ఏడాది పిల్లాడికి మొటిమేంటండీ!"

"నిజమేనండోయ్," అన్నారు బాబాయిగారు, ఆ సంగతి ఆవిడ చెప్పాకే తెలిసినట్టు.

చుక్క లేని ఫొటో గోడకి పెడితే ఊళ్ళో కళ్ళన్నీ దాని మీదే పడతాయని ఆవిడ పట్టు. బాబాయిగారు నా జేబులోంచి స్కెచ్ పెన్ను లాగి, ఫ్రేము అద్దం మీద, సరిగ్గా బుగ్గ దగ్గర, గుండ్రంగా ఒక చుక్క పెట్టారు. "దిష్టి ఇక్కడే ఆగిపోతుందండీ, అద్దం దాటి రాదు. ఎప్పుడైనా మనవడి మొహం చూసుకోవాలనిపిస్తే తడిగుడ్డతో తుడవండి. కడుపునిండా చూసుకుని మళ్ళీ పెట్టేయండి." ఆవిడ ఎంతో సంతోషించి మాకు రొయ్యల వేపుడుతో భోజనం పెట్టారు.

తిరిగొస్తుంటే ఒక చేపల చెరువు గట్టు మీద దిష్టిబొమ్మ కనిపించింది. కుండ తలకాయ, సున్నపు బొట్లు, ఎవరిదో చిరిగిన చొక్కా. నీళ్ళడుగున ఉన్నా చేపల్ని కూడా వదలరన్నమాట. బాబాయిగారు స్కూటరాపి దానికి శ్రద్ధగా ఫొటో తీశారు. "ఈ చుట్టుపక్కల కదలకుండా ఫొటో దిగేది వీడొక్కడేరా," అన్నారు.

ఇక పిన్నిగారి సంగతి. ఆవిడ మాట్లాడటమే తక్కువ. స్టూడియోకి ఎవరైనా చంటిబిడ్డతో వస్తే టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. ఎత్తుకోవడం సరే, ఎదురుగా చూసేవారు కూడా కాదు. వీధిలో ఆడవాళ్ళు దానికి ఆవిణ్ణి తెగ మెచ్చుకునేవారు. "చల్లని కళ్ళు తల్లీ. పిల్లల్ని తేరిపార చూడదు," అని. నేను మాత్రం ఆవిడకి పిల్లలంటే పడదని నిశ్చయించాను. నాలుగైదేళ్ళు నిండాక ఆ ఇంట్లో నేను తిన్న అన్నం ఎవరు పెట్టారో ఆలోచించకుండానే నిశ్చయించాను. చదువుకున్నవాణ్ణి కదా.

మా అక్కని తాడేపల్లిగూడెం ఇచ్చారు. పురిటికొచ్చి కొడుకుని కంది. పిల్లాడికి మూడో నెల వచ్చేసరికి అక్కకి ఒక్క ఫొటో కావాలని కోరిక. ఏడాది నిండేలోపు బిడ్డకి ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మామ్మ శాసనం. "వాడి నీడ కూడా కెమెరాలో పడ్డానికి వీల్లేదు," అంది. నేను యథాప్రకారం శాస్త్రం తీశాను, మామ్మ యథాప్రకారం చీపురు తీసింది. చివరికి గోడ అవతలికెళ్ళి బాబాయిగారితో మొరపెట్టుకున్నాను.

ఆయన కెమెరాతో వచ్చి పిల్లాడి వంక కన్నెత్తైనా చూడలేదు.

"మామ్మగారూ, మీ ఫొటో ఒకటి తీద్దామని వచ్చానండీ."

"నా మొహం! నాకిప్పుడు ఫొటోలేంటండీ బాబూ."

"అలాగంటారేంటండీ. ఆ ముక్కుపుడక మీద ఎండ ఎంత బాగా పడుతోందో మీకేం తెలుసు? రేపు మబ్బు పట్టిందంటే నన్నడగొద్దు."

మామ్మ చెయ్యి తనకి తెలీకుండానే జుట్టు సర్దుకుంది. "మరి వీణ్ణెక్కడ పడుకోబెట్టను?"

"ఒళ్ళోనే ఉండనివ్వండి. వాడితో మనకేం పని?"

"పడతాడేమో ఫొటోలో!"

"మీ చీర అంచు పడుతుందండీ. దాని మీద ఎవడు కూర్చున్నాడో నేను చూడను."

మామ్మకి అంతా తెలుసు. తెలిసే, ఒక్క క్షణం ఆయన వంక చూసి, నెమ్మదిగా పిల్లాడి తల కెమెరా వైపు తిప్పింది. మర్నాడు వాడు రెండుసార్లు తుమ్మితే నా మీద పడింది. "ఫొటోలో నువ్వూ ఉన్నావుగా మామ్మా, నువ్వు తుమ్మలేదే?" అన్నాను. "నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళంతా ఎప్పుడో పోయార్రా," అంది మామ్మ, కొంచెం దిగులుగా.

ఆ ఫొటో ప్రింటు చూడ్డానికి నేను స్టూడియోకి వెళ్ళిన మధ్యాహ్నం పిన్నిగారు టీ తెచ్చారు. బల్ల మీద మా మేనల్లుడు కళ్ళు విప్పార్చుకుని పైకి చూస్తున్నాడు. ఆవిడ గ్లాసులు పెట్టి, ఆ ప్రింటుని చటుక్కున బోర్లించి లోపలికెళ్ళిపోయారు. నేను ఏదో వెటకారం ఆడబోయాను. బాబాయిగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మాకొక పాప ఉండేదిరా."

ఇరవయ్యేళ్ళు ఒకే గోడకి ఇటుపక్క పెరిగినవాణ్ణి. నాకు తెలీదు.

పాప తాడేపల్లిగూడెంలో, పిన్నిగారి పుట్టింట్లో పుట్టింది. ఎనిమిది నెలలు బతికింది. అప్పటికే ఆయనకి సొంత కెమెరా ఉంది, స్టూడియో ఉంది. ఏడాది నిండేదాకా ఫొటో వద్దని బాబాయిగారి అమ్మగారన్నారు. ఆయనా సరే అన్నారు. "అప్పటికి నేనూ నమ్మేవాణ్ణేరా. నమ్మకపోయినా, తల్లి మాట. ఇంకో నాలుగు నెలలేగా అనుకున్నాను," అన్నారు. తరవాత పాపకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. రెండ్రోజులు దిష్టి తీశారు, తాయెత్తు మార్చారు. మూడో రోజు ఆసుపత్రికి ఎత్తుకుపోయేసరికి ఒంట్లో నీరంతా పోయింది.

"ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నేనే తీశాను. నా బిడ్డకి మాత్రం ఒక్క ఫొటో లేదు. మొదట్లో మొహం కళ్ళముందే ఉండేది. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. కొన్నాళ్ళకి ముక్కు పోయింది. తరవాత నోరు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే బుగ్గ మీద చుక్కొక్కటే కనపడుతుందిరా. చుక్క గుర్తుంది. చుట్టూ మొహం లేదు."

ఆయనే మళ్ళీ, "పాప పోయిన రోజు మా అమ్మ మీ పిన్నిని ఒక మాట అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. ఆ మాటేంటో అడక్కు," అన్నారు.

అప్పుడు నాకు ఆయన విడ్డూరం ఒకటి అర్థమైంది. ఏ ఊళ్ళో ఎవరింటికెళ్ళినా, "మీ ఇంట్లో పాత పెళ్ళి ఆల్బమ్ ఏదైనా ఉందాండీ?" అని అడిగేవారు. తాను తీసిన ఫొటోలు రంగు నిలిచాయో లేదో చూసుకుంటున్నారని మేమంతా అనుకునేవాళ్ళం. అది కాదు. పాప బతికున్న ఆ ఎనిమిది నెలల్లో పిన్నిగారు బిడ్డనెత్తుకుని నాలుగైదు పెళ్ళిళ్ళకి వెళ్ళారు. ఫొటోలు తీసింది ఈయనే. నెగటివ్‌లు తమ్మిలేరు వాగు పొంగిన ఏడాది స్టూడియోలోకి నీళ్ళొచ్చి పాడైపోయాయి. ఆల్బమ్‌లు మాత్రం ఎవరిళ్ళలో వాళ్ళకున్నాయి. ఎవరి పెళ్ళిలోనో, ఏ మూలనో, తన పాప మొహం పడి ఉండకపోతుందా అని ఆయన ఆశ.

డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయిన భాగ్యం వల్ల నాకు తీరిక పుష్కలంగా ఉండేది. రెండేళ్ళపాటు ఆదివారాలు ఆయన స్కూటరు వెనక కూర్చున్నాను. దెందులూరు, కైకలూరు, ఆకివీడు. ఎక్కడ అడ్రసు దొరికితే అక్కడికి. కుర్చీ వేసేవారు, మంచినీళ్ళిచ్చేవారు, బీరువా అడుగునించి ఆల్బమ్ తీసేవారు. ఆయన పెళ్ళికూతుర్ని చూసేవారు కాదు, పెళ్ళికొడుకుని చూసేవారు కాదు. ప్రతి ఫొటోకీ మూలలు చూసేవారు. ఇంటివాళ్ళు మురిసిపోతూ, "ఈవిడే మా అత్తగారండీ, ఇదుగో ఇది నేనండీ," అంటూంటే, "చాలా బాగున్నారండీ," అంటూ వేలితో మూలలు తడుముకుంటూ పోయేవారు. ఆఖరి పేజీ మూసి, మొహం మీద నవ్వు చెక్కుచెదరకుండా, "పదరా," అనేవారు. స్కూటరు రెండు కిలోమీటర్లు పోయేదాకా ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. తరవాత నేనేదో వాగేవాణ్ణి. నా వాగుడు ఒకరికి అవసరమైంది నా జీవితంలో అప్పుడే.

చివరికి కొల్లేటిలో ఒక లంక ఊరికి దోనె మీద వెళ్ళాం. గుర్రపుడెక్కని తెడ్డుతో పక్కకి తోసుకుంటూ దోనెవాడు అరగంటలో చేర్చాడు. ఆ ఇంటాయన పెళ్ళి ఆల్బమ్‌ని పురుగు సగం తినేసింది. పేజీల మధ్య పలచటి కాగితాలు ఫొటోలకి అతుక్కుపోయాయి. బాబాయిగారు ఒక్కొక్కటీ ఊదుతూ విడదీశారు. భోజనాల దగ్గర ఆడవాళ్ళ వరస ఫొటో వచ్చింది. ఆయన వేలు ఆగిపోయింది.

"అదుగో మీ పిన్ని."

సన్నగా, పాతికేళ్ళు కూడా లేని పిన్నిగారు. భుజం మీద బిడ్డ. బిడ్డ మొహం మీదికి కొంగు నిండుగా కప్పి ఉంది. కింద ఒక్క పాదం బయటికి వచ్చింది, చీలమండకి నల్లపూసల తాడుతో. ఫొటోలో అది కందిగింజంత ఉంది.

"ఆ కొంగు కప్పమన్నది నేనేరా," అన్నారు. "జనంలో ఉన్నాం, అందరి కళ్ళూ పడతాయని, కెమెరా వెనకనించి చేత్తో సైగ చేశాను. కప్పింది. అప్పుడు నొక్కాను."

ఇంటాయన ఆ ఫొటో మీరే ఉంచుకోండన్నాడు. తిరుగుదోనెలో బాబాయిగారు దాన్ని చొక్కా లోపల, బనీనుకి ఆనించి పెట్టుకున్నారు. చుట్టూ నీళ్ళు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏం చెయ్యాలో తెలీక, "పాదం అచ్చం మీదే బాబాయిగారూ. బొటనవేలు కాస్త వంకర," అన్నాను. ఆయన ఏడుస్తూనే పెద్దగా నవ్వేశారు. దోనెవాడు తెడ్డు ఆపి మా వంక చూశాడు.

"పిన్నిగారికి చూపించండి," అన్నాను.

"వద్దురా. పాపం, అది మర్చిపోయుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ పాప ఊసెత్తలేదు. మళ్ళీ గుర్తు చెయ్యడం దేనికి?"

ఆ పాదాన్ని పెద్దది చేయించి, ఖాళీ ఫిల్ము డబ్బాలు పెట్టుకునే సొరుగులో దాచుకున్నారు. ఆ తరవాత ఆల్బమ్‌లు అడగడం మానేశారు. ఇక మొహం దొరకదని ఆయనకి తెలిసిపోయింది. నాకు ఉద్యోగమొచ్చి జంగారెడ్డిగూడెం వచ్చేశాను. ఎప్పుడు ఫోను చేసినా, "ఏరా మాస్టారూ, కాంతి ఇంకా తిన్నగానే పోతోందా?" అని అడిగేవారు. ఆ గొంతు కోసం ఇప్పటికీ ఆదివారం పొద్దున్న చెయ్యి సెల్‌ఫోను మీదికి పోతుంది.

బాబాయిగారు పోయిన రోజు నేనూ భుజం పట్టాను. మట్టి వేశాను. ఆయన లేని స్టూడియోలోకి మాత్రం వెళ్ళలేకపోయాను.

నలభయ్యో రోజున అమ్మతో వాళ్ళింటికి వెళ్ళాను. భర్త పోయాక పాటించే నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా పిన్నిగారు పరాయి మగవాళ్ళ ఎదటికి రాకూడదు. అందుకని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల్నించి ఆవిడ గొంతు వినిపించింది. "వాణ్ణి రమ్మనండి అక్కయ్యగారూ. వాడు పరాయివాడేంటి, నా చేతి అన్నం తిన్నవాడు."

వెళ్ళి చాప మీద కూర్చున్నాను. పిన్నిగారు గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

"మీరిద్దరూ ఆదివారాలు ఎక్కడ తిరిగేవారో నాకు తెలీదనుకున్నారు నాయనా ఆయన," అన్నారు. "ఆల్బమ్‌లకని నాకు తెలుసు. సొరుగులో పాదం ఫొటో కూడా తెలుసు. రోజూ సొరుగు తుడిచేదాన్ని నేనేగా."

"మరి చెప్పలేదేం పిన్నిగారూ?"

ఆవిడ నాతో కాకుండా, అమ్మతో చెబుతున్నట్టు చెప్పారు. "పాప పోయిన రోజు మా అత్తగారు అందండీ. ఇది ఊళ్ళోవాళ్ళ దిష్టి కాదు, తల్లి దిష్టి అంది. పాలిస్తున్నంతసేపూ రెప్పెయ్యకుండా చూస్తుంది, నిద్రపోతున్నా చూస్తుంది, ఆ చూపే తినేసింది బిడ్డని అంది. ఆయన అక్కడే ఉన్నారు."

బాబాయిగారు అడగవద్దన్న మాట అది.

"కంట్లోంచి ఏదీ బయటికి పోదు పిన్నిగారూ," అన్నాను. నా గొంతు నాకే క్లాసులోలా వినపడి సిగ్గేసింది.

"ఆయనా అదే అనేవారు నాయనా, వచ్చేపోయే వాళ్ళందరితోనూ. లోపల్నించి వినేదాన్ని. నాతో మాత్రం అనలేకపోయారు. నాతో అంటే ఆ రోజు మాట ఎత్తాలిగా." ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకున్నారు. "ఆయనకి మొహం గుర్తులేదని నాకు తెలుసు. నిద్రలో గొణిగేవారు. చెబుదామనుకునేదాన్ని. కానీ ఎలా చెప్తానండీ? ముక్కు ఇలా ఉండేది, నవ్వితే ఇలా ఉండేది అని చెప్తే, అంతంత చూశానని ఒప్పుకున్నట్టేగా."

రెండేళ్ళు మేం కొల్లేరు చుట్టూ తిరిగాం. ఆయన పాప మొహం ఆయనకి రోజూ అన్నం వడ్డిస్తూనే ఉంది. ఆవిడ మర్చిపోయుంటారని ఈయన అడగలేదు. చెప్తే దొరికిపోతానని ఆవిడ చెప్పలేదు. దిష్టి మీద నేను ఆడిన వాదాలన్నీ, చేసిన ప్రయోగాలన్నీ, ఆ చాప మీద కూర్చుని గుర్తొచ్చాయి. ఉప్పూ మిరపకాయలూ చూసి నవ్వడం తేలిక. అసలు దెబ్బ ఇక్కడుందని నాకు తెలీలేదు.

అమ్మ జరిగి ఆవిడ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. "ఎలా ఉండేదమ్మా పాప?" అంది.

"చూశానండీ అక్కయ్యగారూ," అన్నారు పిన్నిగారు. "కళ్ళారా చూశాను."

ఇక ఆగలేదు. జుట్టు ఒత్తుగా ఉండేదట, ఎంత నూనె రాసినా నిలబడేదట. చెవులు వాళ్ళ నాన్నవేనట, కొంచెం విడిగా. ఎడం కనుబొమ్మ చివర చిన్న సుడి ఉండేదట, అది వేలితో అణిస్తే తల తిప్పేసేదట. పాలు తాగుతూ మధ్యలో ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు పైకి చూసేదట.

"నిద్ర లేవగానే ఏడ్చేది కాదండీ. ముందర ఒక చూపు చూసేది, తాసీల్దారుగారిలా. ఎవరొచ్చారు, ఏం పని మీద వచ్చారు అన్నట్టు. ఎలాగంటే..."

మాటలు చాలలేదు. పిన్నిగారు నడుం నిటారుగా చేసి కూర్చున్నారు. అరవయ్యేళ్ళ ఆ మొహంలో ఎడం కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది. కింది పెదవి ముందుకొచ్చింది. బుగ్గలు గుండ్రంగా పొంగాయి. ఎవరి బిడ్డనీ ఎదురుగా చూడని ఆ కళ్ళు విప్పారి, రెప్ప వెయ్యకుండా, తిన్నగా నా మొహంలోకి చూశాయి, ఎవరొచ్చారు, ఏం పని మీద వచ్చారు అన్నట్టు.